మందు రాసింది డాక్టరు... కాదన్నది ఇన్సూరెన్సు!

మా అత్తగారు ముగ్గు పెడితే గీత వంకర పోవడం మా వీధిలో ఎవరూ చూడలేదు. ఇరవై ఒక్క చుక్కల ముగ్గయినా సరే, తెల్లవారుజామున వీధిలైటు వెలుతుర్లోనే, పక్కింటివాళ్ళు లేచేసరికి పూర్తి చేసి లోపలికి వచ్చేసేవారు. అలాంటిది 2024 సంక్రాంతి ముందు ఒకరోజు పాలకోసం తలుపు తీస్తే ముగ్గు సగంలో ఆగిపోయి ఉంది. ఆవిడ పిండిగిన్నె చేత్తో పట్టుకుని అలాగే వంగి చూస్తున్నారు.

"అమ్మాయ్, చుక్కలు సరిగ్గానే పెట్టానా? మధ్య వరస లోపలికి కుంగినట్టుందే!"

చుక్కలు సరిగ్గానే ఉన్నాయి. కుంగింది నేల మీద కాదు, ఆవిడ కంట్లో. ఆ సంగతి మాకు తెలిసేసరికి మే నెలాఖరు వచ్చింది. ఈలోగా మేం చేసిన ఘనకార్యం కళ్ళజోడు మార్పించడం!

అసలు నేను చెప్పాలనుకున్నది కంటి జబ్బు గురించి కాదు. ఆ కంటికి డాక్టరు రాసిన మందుకు డబ్బివ్వనని ఇన్సూరెన్సు కంపెనీ రాసిన ఉత్తరం గురించి. ఇలాంటి ఉత్తరం మీ ఇంటికీ వచ్చి ఉండొచ్చు. చదివి, నిట్టూర్చి, బీరువాలో పడేసి ఉండొచ్చు. మేమూ ఆ పనే చేయబోయాం.

కంట్లో సూది

మా అత్తగారికి అప్పటికి అరవై ఆరేళ్ళు. పదిహేడేళ్ళుగా షుగరు. షుగరు చాలాకాలం ఉన్నవాళ్ళకి కంటి వెనక ఉండే రెటీనా అనే పొరలో సన్నటి రక్తనాళాలు దెబ్బతిని నీరు కారుతుందట. ఆ పొరకు నట్టనడుమ మాక్యులా అని చిన్న చోటు ఉంటుంది. పేపరు చదివినా, సూదిలో దారం ఎక్కించినా, ఎదుటి మనిషి ముఖం గుర్తుపట్టినా అదంతా ఆ చిన్న చోటి చలవే. అక్కడ నీరు చేరి ఉబ్బితే తిన్నటి గీతలు వంకరగా కనిపిస్తాయి. నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు. అందుకే ఎవరమూ తొందరపడం.

విజయవాడ కంటి ఆసుపత్రిలో డాక్టరు గారు గళ్ళు గీసిన చిన్న కార్డు ఒకటి ఆవిడ చేతికిచ్చి, ఒక కన్ను మూసుకుని మధ్య చుక్క వైపు చూడమన్నారు. "ఇదేంటండీ, చుక్కల ముగ్గు అచ్చేయించారా?" అన్నారు మా అత్తగారు. ఆయన నవ్వారు గానీ ఓసీటీ స్కాన్ చూశాక నవ్వలేదు. కుడి కంట్లో వాపు బాగా ఉంది. నెలకొకటి చొప్పున ముందు మూడు ఇంజెక్షన్లు, తర్వాత కన్ను చూసి మరికొన్ని వేయాలన్నారు.

రక్తనాళాలు కారడానికి కారణమయ్యే ఒక ప్రోటీనును ఈ మందు అడ్డుకుంటుంది. దాన్ని చేతికో నడుముకో పొడవరు, నేరుగా కంట్లోకే ఎక్కిస్తారు. వింటేనే ఒళ్ళు జలదరిస్తుంది కదూ! నిజానికి మత్తు చుక్కలు వేసి, ఆపరేషన్ థియేటర్లో కన్ను శుభ్రం చేసి చేస్తారు కాబట్టి పెద్దగా బాధ తెలియదు. సూది కంట్లో ఉండేది కొన్ని క్షణాలే. రెండు గంటల్లో ఇంటికి పంపేస్తారు. ఆ "రెండు గంటలు" అన్న మాటే తర్వాత మా కొంప ముంచింది.

ఒక్కో ఇంజెక్షనుకు అన్నీ కలిపి 24,600 రూపాయలయింది. జూన్, జులై, ఆగస్టు నెలల్లో మూడు వేయించాం. మొత్తం 73,800. "పాలసీ ఉందిగా, వెనక్కొస్తాయి" అని మావారు ధైర్యంగా కట్టేశారు. 2019 మే నెలలో ఆవిడ పేరున తీసుకున్న 5 లక్షల పాలసీ అది. ఒక్క ఏడాదీ మానకుండా కడుతూ వచ్చాం. షుగరు ఉందని ఫారంలో రాశాం కూడా. ఆ రోజు ఏజెంటు గారు "అదంతా ఎందుకండీ, ప్రీమియం పెరుగుతుంది" అని గొణిగారు. మావారు వినలేదు. ఆ ఒక్క విషయంలో ఆయన మొండితనానికి దండం పెట్టాలి.

ఆగస్టు రెండో వారంలో జవాబొచ్చింది. ఒకే పేజీ. అందులో రెండు కారణాలు. ఒకటి, రోగి 24 గంటలు ఆసుపత్రిలో లేరు కాబట్టి ఇది ఓపీ చికిత్స, పాలసీ కిందికి రాదు. రెండు, ఇది షుగరువల్ల వచ్చింది, ముందునుంచీ ఉన్న జబ్బుకు నిరీక్షణ కాలం నాలుగేళ్ళు ఇంకా పూర్తి కాలేదు.

"పోన్లే అమ్మాయ్, మన రాత" అన్నారు మా అత్తగారు. నేను కూడా ఉత్తరం మడిచాను. మడిచాక తోచింది, 2019 మే నుంచి 2024 జూన్‌కి నాలుగేళ్ళు ఎలా కాలేదబ్బా అని. చీటీపాటల లెక్కలు చూసే ఇల్లాలికి అంతమాత్రం లెక్క రాదా?

పాలసీ పుస్తకం తెరిచిన రోజు

ఆ రాత్రి మొదటిసారి పాలసీ పుస్తకం తెరిచాను. అయిదేళ్ళుగా ఇంట్లో ఉన్న పుస్తకం. చీమల్లాంటి అక్షరాలు, మూడు గంటలు పట్టింది. అందులో నాకు దొరికినవి రెండు.

"ఆధునిక చికిత్సలు" అని ఒక పట్టిక ఉంది. పన్నెండు చికిత్సల పేర్లు. వాటిలో ఒకటి, కంటి లోపలికి ఇచ్చే ఇంజెక్షన్లు! ఆసుపత్రిలో చేరినా, డే కేర్ పద్ధతిలో చేయించుకున్నా వర్తిస్తుందని దానిపైన రాసి ఉంది. పక్కనే ఇంకో గడిలో, పాలసీ మొత్తంలో పది శాతం మించకుండా అని కూడా ఉంది.

ఆ పట్టిక వెనక పెద్ద కథే ఉందని తర్వాత తెలిసింది. ఇన్సూరెన్సు కంపెనీలమీద అజమాయిషీ చేసే సంస్థ ఐఆర్‌డీఏఐ. దాని ప్రధాన కార్యాలయం ఎక్కడో ఢిల్లీలో కాదు, మన హైదరాబాద్‌లోనే ఉంది. 2019 సెప్టెంబరులో ఆ సంస్థ, పాలసీల్లో ఏవి మినహాయించవచ్చు, ఏవి మినహాయించకూడదు అని మార్గదర్శకాలిచ్చింది. అందులో ఈ పన్నెండింటి జాబితా ఉంది. కంటి ఇంజెక్షన్లతో పాటు నోటి ద్వారా తీసుకునే కీమోథెరపీ, ఇంజెక్షను రూపంలో ఇచ్చే ఇమ్యునోథెరపీ, రోబో ఆపరేషన్లు, గర్భసంచిలో గడ్డలకు చేసే ఒక చికిత్స కూడా ఉన్నాయి. వీటిని పాలసీ నుంచి తీసేయకూడదు, కానీ ఇంత మొత్తం వరకే ఇస్తామని కంపెనీ హద్దు పెట్టుకోవచ్చు. ఆ హద్దునే సబ్ లిమిట్ అంటారు. మీ పాలసీలో ఈ పట్టిక ఎక్కడుందో ఈ పూటే వెతికి పెట్టుకోండి. అవసరం వచ్చిన రోజున కళ్ళు తిరుగుతాయి, కనిపించదు.

ఇక రెండోది లెక్క. 2021లో కోవిడ్ రోజుల్లో మావారు ప్రీమియం పది రోజులు ఆలస్యంగా కట్టారు. అది గ్రేస్ పీరియడ్ అయిన 30 రోజుల లోపే. అలా కడితే పాలసీ తెగినట్టు కాదు, పాత ఏళ్ళన్నీ లెక్కలోకి వస్తాయి. కంపెనీ కంప్యూటరు మాత్రం 2021 నుంచి కొత్త పాలసీ అనుకున్నట్టుంది. ఆనాటి రసీదు వెతకడానికి ఇల్లంతా తిరగేశాం. చివరికి అటక మీద, అమ్మాయి పాత స్కూలు పుస్తకాల మధ్య దొరికింది. ఆ కాగితం దొరికినప్పుడు నేను పడ్డ సంబరం, పెళ్ళిలో పోయిన ఉంగరం దొరికినప్పుడు కూడా పడలేదు.

ఇంకో మాట. ఈ నిరీక్షణ కాలం ఇప్పుడు తగ్గింది. 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ళకు మించి పెట్టకూడదు. అయిదేళ్ళు వరసగా కట్టాక, మోసం చేశారని రుజువైతే తప్ప, "అప్పుడు ఫలానా జబ్బు చెప్పలేదు" అనే వంకతో క్లెయిము తోసిపుచ్చడానికి వీల్లేదు.

ఉత్తరం ఎలా రాశానంటే...

ముందు నాకు కోపంతో రెండు పేజీలు రాయాలనిపించింది. రాశాను కూడా. "మీకు తల్లులు లేరా?" అనే వాక్యం కూడా ఉంది అందులో! బ్యాంకులో పనిచేసి రిటైరైన మా పెద్దాడపడుచు అది చదివి, పక్కన పెట్టి, "వదినా, వాళ్ళ తల్లుల సంగతి వద్దు. వాళ్ళ క్లాజు సంగతి రాయి" అంది. ఆ మాట నాకు వెయ్యి రూపాయల సలహా.

మళ్ళీ రాశాను, ఒకటిన్నర పేజీ. పైన పాలసీ నంబరు, మూడు క్లెయిముల నంబర్లు, వాళ్ళ ఉత్తరం తేదీ. తర్వాత వాళ్ళు చెప్పిన మొదటి కారణం, దానికి ఎదురుగా పాలసీలో ఏ పేజీలో ఏం రాసి ఉందో. తర్వాత రెండో కారణం, దానికి ఎదురుగా అయిదేళ్ళ ప్రీమియం రసీదులు. చివర నాకేం కావాలో ఒక్క వాక్యం. అంతే.

దాంతో పాటు పంపిన కాగితాల్లో అన్నిటికన్నా బరువైనది డాక్టరు గారి లేఖ. మందుచీటీ సరిపోదు. మందుచీటీలో మందు పేరు ఉంటుంది, ఎందుకో ఉండదు. రోగికి ఉన్న జబ్బేమిటి, స్కాన్‌లో వాపు ఎంత ఉంది, ఈ మందే ఎందుకు, ఇవ్వకపోతే ఏమవుతుంది, దీన్ని ఓపీ గదిలో కాక ఆపరేషన్ థియేటర్లోనే ఎందుకు ఇవ్వాలి, ఈ అయిదింటికీ జవాబుండేలా రాసివ్వమని అడిగాను. "ఇవన్నీ మాకు అలవాటే అమ్మా" అని ఆయన ఆ సాయంత్రమే లెటర్‌హెడ్ మీద రాయించి ఇచ్చారు. అడగడానికి మొహమాటపడి నేను వారం రోజులు వృథా చేశాను. డాక్టర్లు బిజీగా ఉంటారు, నిజమే. అడిగితే కాదనేవాళ్ళు మాత్రం తక్కువ.

డిశ్చార్జి కాగితం కూడా చూసుకోవాలి. మా మొదటి కాగితంలో చేరిన టైము, పంపిన టైము రెండూ లేవు. పైన "ఓపీడీ" అని ముద్ర కూడా కొట్టేశారు, పాపం కౌంటరు అమ్మాయి అలవాటు కొద్దీ. ఆసుపత్రివాళ్ళను అడిగి డే కేర్ అని సరిచేయించుకున్నాం. లేనిది రాయించుకోమని కాదు సుమా! జరిగింది జరిగినట్టు రాయించుకోవాలి. ఇంజెక్షను బుడ్డి మీద ఉండే స్టిక్కరు, మందు బిల్లు, స్కాన్ ఫోటోలు, ఆసుపత్రి రిజిస్ట్రేషను పత్రం నకలు జత చేశాం. అన్నీ జిరాక్సులే. ఒరిజినల్స్ ఎప్పుడూ చేతిలోంచి వదలకండి, వాళ్ళు ముందే తీసుకుని ఉంటే తప్ప.

ఆ ఉత్తరాన్ని కంపెనీ ఫిర్యాదుల అధికారికి స్పీడ్ పోస్టులో పంపి, ఈమెయిలు కూడా చేశాం. ప్రతి కంపెనీలో ఈ అధికారి ఒకరుంటారు. పేరు, చిరునామా పాలసీ పుస్తకం చివర్లో ఉంటాయి. మనం రోజూ ఫోన్లో పోట్లాడేది టీపీఏ అనే మధ్యవర్తి సంస్థతో. బిల్లులు చూసేది వాళ్ళే అయినా, క్లెయిము కాదనే అధికారం వాళ్ళకు లేదు, కంపెనీకే ఉంది. ఆ కంపెనీలో కూడా ఒక్క గుమస్తా కాదంటే చెల్లదు. 2024 మే 29న ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ముగ్గురు సభ్యుల క్లెయిముల సమీక్ష కమిటీ వంటిది ఆమోదించాకే తిరస్కరించాలి. ఏ నిబంధన కింద కాదంటున్నారో విడమరిచి చెప్పాలి. మా ఉత్తరంలో క్లాజు నంబరు లేదు. అదే పట్టుకుని అడిగాను.

రెండు వారాలు దాటాక సెప్టెంబరులో జవాబొచ్చింది. నిరీక్షణ కాలం మాట ఎత్తలేదు, అంటే అది ఒప్పుకున్నట్టే. కానీ "24 గంటలు" మాత్రం వదల్లేదు. మళ్ళీ అదే పాట.

ఐఆర్‌డీఏఐకి నేరుగా చెప్పుకోవడానికి బీమా భరోసా అనే వెబ్‌సైటు, 155255 అనే ఫోను నంబరు ఉన్నాయి. అక్కడ రాస్తే మన ఫిర్యాదు కంపెనీకే వెళ్తుంది, ఏం చేశారో పైవాళ్ళు గమనిస్తారు. మేం అదీ చేశాం. జవాబులో అక్షరం మారలేదు.

దీపం ఒత్తి

ఈ గొడవలో పడి ఒక సంగతి మర్చిపోయాం. సెప్టెంబరులో నాలుగో ఇంజెక్షను వేయించాలి. "బాగానే కనిపిస్తోంది అమ్మాయ్, డాక్టరు గారు రమ్మన్నప్పుడు చూద్దాం" అన్నారావిడ. డాక్టరు గారు రమ్మన్నారు. ఆ ఫోను తీసింది ఆవిడే! మాకు చెప్పలేదు. రాత్రిళ్ళు మేమిద్దరం హాల్లో కూచుని కంపెనీ ఉత్తరాల గురించి, ఇరవై నాలుగు వేల గురించి మాట్లాడుకునే మాటలన్నీ వింటూనే ఉన్నారు.

కార్తీకమాసంలో ఒక సాయంత్రం తులసికోట దగ్గర దీపం పెడుతున్నారు. అగ్గిపుల్ల వెలిగించి ఒత్తికి కాదు, ఒత్తికి పక్కన నూనెలో పెట్టారు. ఆరిపోయింది. రెండో పుల్ల కూడా అక్కడే. మూడోది నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని పెట్టించాను. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

మర్నాడే విజయవాడ వెళ్ళాం. వాపు మళ్ళీ వచ్చేసింది. బోర్డు మీద ఆగస్టులో చదివిన రెండు వరసలు ఇప్పుడు చదవలేకపోయారు. నా గాజులు జత బ్యాంకులో పెట్టి నాలుగోది వేయించాం. తర్వాత వాపు తగ్గింది. పోయిన వరసల్లో ఒకటి వచ్చింది. రెండోది రాలేదు.

కంపెనీ ఇవ్వనన్నది డబ్బే. కానీ ఆ ఉత్తరం ఇంట్లోకి వచ్చాక ముసలావిడ తన కన్ను ఖరీదెంతో లెక్కేసుకోవడం మొదలుపెట్టింది. అందుకే మీకు చెబుతున్నాను. మీ ఇంట్లోనూ అలాంటి ఉత్తరం వస్తే, పోరాటం ఒక పక్క, మందు ఒక పక్క. అప్పీలు తేలేదాకా మందు ఆపడం మాత్రం చేయకండి. డబ్బుకు కష్టమైతే ఆ మాట డాక్టరుకు చెప్పండి. ఇదే జబ్బుకు తక్కువ ఖరీదు మందులు కూడా ఉన్నాయి.

అవాస్టిన్ అనేది అలాంటిదే. అసలది క్యాన్సర్ మందు. 2004లో అమెరికాలో పెద్దపేగు క్యాన్సరుకు అనుమతి పొందింది. కంటి డాక్టర్లు దాన్ని చిన్న మోతాదుల్లో కంటికి వాడి, ఖరీదైన మందుతో దాదాపు సమానంగా పనిచేస్తోందని గమనించారు. వయసువల్ల వచ్చే మాక్యులా జబ్బులో ఈ రెండు మందుల్నీ పోల్చిన అమెరికా అధ్యయనం 2011లో అదే తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో దాన్ని కంటికి వాడే అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మనదేశంలో 2016 జనవరిలో, గుజరాత్‌లో కొందరి చూపు దెబ్బతిన్నాక, కంటికి వాడొద్దని ఔషధ నియంత్రణ అధికారులు హెచ్చరించారు. మార్చిలో ఆ హెచ్చరిక వెనక్కి తీసుకున్నారు. పెద్ద బుడ్డిలోంచి చిన్న మోతాదులు తీసేటప్పుడు శుభ్రత తప్పితే ప్రమాదం, అందుకని ఎక్కడ వేయించుకుంటున్నామన్నది ముఖ్యం. చిత్రమేమిటంటే, ఖరీదైన మందు వాడితే ఓపీ అంటారు, చవక మందు వాడితే "ఈ జబ్బుకు అనుమతి లేని వాడకం" అని పేచీ పెడతారు! ఆ పేచీకి కూడా మందు డాక్టరు లేఖే.

అంబుడ్స్‌మన్ దగ్గర

కంపెనీ కాదన్నాక, లేదా నెల రోజులైనా జవాబివ్వకపోతే, బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం వాళ్ళందరికీ హైదరాబాద్ లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లో ఆ కార్యాలయం ఉంది. ఫీజు లేదు. లాయరు అక్కర్లేదు, అసలు లాయర్ని రానివ్వరు కూడా. కంపెనీ చివరి జవాబు వచ్చిన ఏడాదిలోగా వెళ్ళాలి. 50 లక్షల వరకూ వివాదాలు వింటారు. 2023కు ముందు 30 లక్షలే ఉండేది. ఆఫీసులో ఇచ్చే గ్రూపు పాలసీ అయినా పరవాలేదు.

సెప్టెంబరు నెలాఖరున మేం ఫిర్యాదు పంపాం. ఒక ఫారం పంపించారు, ఇదే విషయం మీద కోర్టులో గానీ వినియోగదారుల కమిషన్‌లో గానీ కేసు లేదని సంతకం చేయాలి. రెండు పడవల మీద కాళ్ళు కుదరవన్నమాట.

జనవరిలో విచారణ. హైదరాబాద్ దాకా వెళ్ళాలేమోనని భయపడ్డాను గానీ, వీడియోలోనే జరిగింది. మా అత్తగారు పట్టుచీర కట్టుకుని కూచున్నారు, కోర్టు అనుకుని! ఒక పక్క అంబుడ్స్‌మన్, ఇంకో పక్క కంపెనీ తరఫు మనిషి. అంతా కలిపి పావుగంట. కంపెనీ మనిషి 24 గంటల మాట ఎత్తగానే అంబుడ్స్‌మన్ గారు, "మీ పాలసీలో ఈ పట్టిక ఉందా, లేదా?" అని అడిగారు. ఉందన్నాడు. "డే కేర్ అని రాసి ఉందా?" ఉందన్నాడు. నేను ఆ రాత్రంతా బట్టీ పట్టిన ఉపన్యాసం చెప్పాల్సిన పనే పడలేదు.

ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. ఇవ్వాల్సిందే, అయితే పట్టికలో ఉన్న పది శాతం హద్దు వరకే. అంటే 73,800కి 50,000. మిగతా 23,800, నవంబరులో వేయించిన నాలుగోదీ మా నెత్తినే. మొదట కొంచెం ఉసూరుమనిపించింది. కానీ హద్దు పాలసీలోనే ఉన్నప్పుడు ఆయన మాత్రం ఏం చేస్తారు? కంపెనీ 30 రోజుల్లో అమలు చేయాలి. చేయకపోతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మనకే ఎదురు చెల్లించాలని 2024 ఆదేశాల్లో ఉంది. మాకు మార్చి మొదట్లో బ్యాంకులో పడ్డాయి. గాజులు ఇంటికొచ్చాయి.

తీర్పు నచ్చకపోతే? అది కంపెనీని కట్టేస్తుంది గానీ మనల్ని కట్టేయదు. ఒప్పుకోకుండా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళొచ్చు. కారణం పుట్టిన రెండేళ్ళలో మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. కట్టిన ప్రీమియం 5 లక్షల లోపుంటే జిల్లా కమిషన్‌లో ఫీజు కూడా లేదు. కాకపోతే వాయిదాలుంటాయి, ఓపిక కావాలి.

మా ఎదురింటావిడ సంగతి వేరు. రొమ్ము క్యాన్సరు ఆపరేషను అయ్యాక డాక్టరు మాత్రలు రాశారు. ఇంట్లో వేసుకునే మాత్రలు కదా, ఇవ్వం అన్నారట. నోటి కీమోథెరపీ ఆ పన్నెండింట్లో ఉంది కాబట్టి అడిగే హక్కుంది. అయితే హార్మోను మాత్రలను కీమోథెరపీ కాదని కంపెనీలు వాదిస్తాయి. అప్పుడు ఇంకో దారి చూడాలి. ఆసుపత్రి నుంచి వచ్చాక ఇన్ని రోజుల మందుల ఖర్చు ఇస్తామని పాలసీల్లో ఒక క్లాజు ఉంటుంది, కొన్నిట్లో 60 రోజులు, కొన్నిట్లో 90. ఆవిడ ఆ క్లాజు కింద కొన్ని బిల్లులు రాబట్టుకున్నారు. మిగతావాటికి ఇంకా రాస్తూనే ఉన్నారు.

క్యాష్‌లెస్ విషయంలో చాలామంది పొరబడుతున్నారు. ఆసుపత్రి కౌంటర్లో "క్యాష్‌లెస్ రాలేదండీ" అంటే క్లెయిమే పోయిందనుకుంటాం. కాదు. డబ్బు కట్టి, బిల్లులు పెట్టి తర్వాత అడగొచ్చు. క్యాష్‌లెస్ అడిగిన గంటలోగా కంపెనీ అవునో కాదో చెప్పాలి, ఇంటికెళ్ళే రోజు చివరి అనుమతి మూడు గంటల్లోగా ఇవ్వాలి. ఇంజెక్షను లాంటి ముందే తెలిసిన చికిత్సకయితే నాలుగు రోజుల ముందే కాగితాలు పంపి అడిగేయడం మేలు.

2025 మే 12న మా పాలసీ కొత్త సంవత్సరం మొదలైంది. రెన్యువలుకు ముందే ఏజెంటు గారికి ఫోను చేసి, సబ్ లిమిట్ లేని పాలసీలేమున్నాయో, ఆవిడ వయసుకు ప్రీమియం ఎంతవుతుందో రాతపూర్వకంగా పంపమన్నాను. ఆయన పంపిన అంకె చూసి పాతదే కొనసాగించాం. హద్దు ఏడాదికోసారి కొత్తగా మొదలవుతుందిగా! తర్వాతి ఇంజెక్షను 19న వేయించాం. ఈసారి బయటికి వచ్చేముందు కౌంటరు దగ్గర నిలబడి, డే కేర్ అని ఉందో లేదో, రెండు టైములూ రాశారో లేదో చూశాను.

కారెక్కుతూ మా అత్తగారు, కంటికి కట్టు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, "అమ్మాయ్, ఆ కాగితాల సంచీ మర్చిపోలేదు కదా?" అన్నారు.